నీళ్ళెక్కని గుట్ట

పొద కొమ్మల్లో ఇరుక్కున్న ఎండు రెల్లుపోచల్ని కర్నల్ రుదాకోవ్ వేళ్ళతో లాగి చూశాడు. నడుమెత్తున ఉన్నాయవి. గాలి తెచ్చిన చెత్త అయితే ఒక పక్కనే పేరుకుంటుంది. ఇవి కొమ్మల చుట్టూ మెలిపడి, బురద ఎండి, అట్టకట్టి ఉన్నాయి. నది ఇక్కడిదాకా వచ్చి వెళ్ళిందనడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

"కంషాత్ బేగలీయెవ్నా, ఈ మైదానంలోకి వరద రాదని చెప్పింది మీరే కదా?" అన్నాడు, పోచల్ని జేబురుమాల్లో చుడుతూ.

"నేనే," అంది కంషాత్. గొంతు మామూలుగానే పలికింది. "మంచు బాగా పడ్డ ఏడు ఎప్పుడో ఒకసారి వచ్చి ఉంటుంది."

"ఆ ఎప్పుడో ఒకసారి మనం గుంత తవ్వుకుని కూచున్నప్పుడు వస్తే? రాకెట్టుని పడవెక్కించి పంపమంటారా?"

పక్కన నిలబడ్డ లెఫ్టినెంట్ హబీరోవ్ నవ్వలేదు. అతను ఎప్పుడూ కర్నల్ జోకులకి నవ్వడు. ఎదుటివాళ్ళు నవ్వుతున్నారో లేదో చూస్తుంటాడు. ఈసారీ కంషాత్ ముఖంలోకే చూశాడు.

ఆకాశానికి దారి వెతికేవాళ్ళు పైకి చూస్తారనుకుంటాం. రాకెట్టు ఎగరేసే చోటు వెతకమని సైన్యం పంపిన ఆ బృందం మాత్రం వేసవి అంతా నేలచూపులే చూసింది. వాళ్ళకి కావలసిన చోటు దక్షిణాన ఉండాలి, భూమి తిరుగుడు కాస్త ఊతం ఇస్తుంది కాబట్టి. పక్కనే రైలు పట్టాలుండాలి, తాగడానికి నది ఉండాలి. రాకెట్టు ఎగిరే దారి కింద మనుషులు ఉండకూడదు, దాని ఖాళీ డొల్లలు రాలి పడతాయి కనక. రేడియో కేంద్రాల చూపుకి కొండలు అడ్డం రాకూడదు. ఇవన్నీ కుదిరాక అసలైంది ఒకటి మిగులుతుంది. రాకెట్టు కిందినుంచి వెలువడే మంట పోవడానికి పెద్ద ఇల్లు పట్టేంత గొయ్యి తవ్వాలి. ఆ గోతిలో చుక్క నీరు ఊరకూడదు. సముద్రం పక్క చోటు ఒకటి, అడవి చోటు ఒకటి చూసి పెదవి విరిచి, చివరికి కజక్‌ల దేశంలో, సిర్ దర్యా నది ఒడ్డున ఈ బయలు నేలకి వచ్చిపడ్డారు. ఊళ్ళోవాళ్ళు అడిగితే స్టేడియం కడుతున్నామని చెప్పమన్నారు. మనిషి పురుగు లేని చోట స్టేడియమేమిటని గొర్రెలు కూడా నవ్వుకుని ఉంటాయి.

ఇక్కడ మిగిలినవి రెండే చోట్లు. ఒకటి ఏటి పక్క మైదానం. రెండోది పట్టాలకి ఉత్తరాన, వెడల్పాటి వీపుతో కాస్త పైకి లేచిన గుట్ట. గుట్ట కింద ఉప్పు బురద ఉందని, బోరు బండి దాని మీదికి పోతే దిగబడుతుందని కంషాత్ చెప్పింది. భూగర్భ జలాల చదువు చదివింది ఆమె, ఈ నేలమీదే పుట్టి పెరిగింది ఆమె. ఎవరూ మారుమాట్లాడలేదు. మ్యాపు మీద గుట్టని కొట్టేశారు.

అది పచ్చి అబద్ధం.

ఆ గుట్ట మీద ఆమె కూతురు బల్జాన్ ఉంది. ఇరవై ఏళ్ళకి పైనే అయింది. సర్కారు పశువుల్ని తోలుకుపోతే, ఊళ్ళకి ఊళ్ళు తిండి లేక రాలిపోయిన ఏడు అది. భర్త గింజలు వెతుక్కుంటూ పోయి అప్పటికింకా తిరిగి రాలేదు. మామగారు లేచి నిలబడే స్థితిలో లేడు. వాళ్ళలో ఆడవాళ్ళు పూడ్చడానికి వెళ్ళరు. శవాన్ని గడప దగ్గరే సాగనంపి ఆగిపోతారు. ఆ రోజు ఆపడానికి మగవాడంటూ మిగల్లేదు. కంషాత్ ఒక్కతే బిడ్డని ఎత్తుకుని గుట్టెక్కి, ఇనప గిన్నె మూతతో మట్టి తవ్వింది. రాయి తెచ్చి పెట్టే ఓపిక లేకపోయింది. అందుకే ఆ చోటు ఆమెకి తప్ప ఇంకెవరికీ తెలియదు. తర్వాత భర్త తిరిగొచ్చాడు, యుద్ధానికి పోయాడు, ఈసారి రాలేదు. ఆ ఇంట్లో ఇక మిగిలింది ముసలాయన, కోడలు.

అలాంటి చోట ఇల్లంత గొయ్యి తవ్వుతారంటే ఏ తల్లి నోరు నిజం చెబుతుంది? అలాగని కంషాత్ తనని తాను సమర్థించుకునే మనిషి కాదు. వరద వచ్చే నేల మీద జనాన్ని పెడుతున్నానని తెలుసు. దొరికిపోతే ఏమవుతుందో ఇంకా బాగా తెలుసు. తెలిసే చెప్పింది.

"ఈ చుట్టుపక్కల అందరికంటే పెద్దాయన ఎవరు?" అని అడిగాడు కర్నల్.

"దుయిసెన్ అని ఉన్నాడట," అన్నాడు హబీరోవ్. "చలికాలపు ఇంటికి అప్పుడే దిగాడని స్టేషన్లో చెప్పారు. కంషాత్ గారి మామగారేనట."

కర్నల్ ఇటు తిరిగాడు. "మామగారా? ఇన్నాళ్ళూ మాట మాత్రమైనా అనలేదే."

"మీరు అడగలేదు."

"అడగాల్సిందే. పదండి, కోడలు పుట్టెడు ఎంగిలి గిన్నెలు కడుగుతుంటే మేం కబుర్లు చెప్పుకుంటాం." జీపులో కూచుంటూ మళ్ళీ అన్నాడు. "నా పద్ధతి ఒకటుంది. యుద్ధంలో రైలు దారులు వేస్తున్నప్పుడు నేర్చుకున్నా. కొత్త చోటికి పోతే మ్యాపు తర్వాత, బోరు తర్వాత. ముందు ముసలివాళ్ళని పట్టుకుని, మీ పోయినవాళ్ళని ఎక్కడ పెట్టుకుంటారని అడుగుతా. కన్నతండ్రిని ఎవడూ నీళ్ళలో పూడ్చడు."

 కంషాత్ చేతులు ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూచుంది. ముసలాయనకి రష్యన్ రాదు, మధ్యలో మాట అందించాల్సింది తనే. కానీ హబీరోవ్ తాతార్. ఆ భాషా ఈ భాషా అక్కచెల్లెళ్ళు. కజక్‌లో ఒక్క ముక్క అటూ ఇటూ అయినా పట్టేస్తాడు. కర్నల్ అతన్ని వెంటేసుకు తిరిగేది అందుకేనని ఆమెకి ఇప్పుడు తట్టింది.

దుయిసెన్ మట్టి ఇంటి ముందు నిలబడి, జీపు దుమ్ముని చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు. కోడలు దిగగానే దగ్గరికి తీసుకుని నుదుటి మీద ముద్దు పెట్టాడు.

"ఏం కెలిన్, ఇట్టా చిక్కిపోయావు? పట్నంలో నీకు తిండి పెట్టడం మానేశారా?"

"మీరు మాత్రం ఏం లావెక్కారు, అతా?" అంది కంషాత్. ఆయనకి ఆమె కెలిన్, అంటే కోడలు. ఆమెకి ఆయన అతా, అంతే. మామగారి పేరు కోడలి నోట రాకూడదు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ రాలేదు.

"నాకేంటి, ముసలి ఎముకలు. కొవ్వు పట్టడానికి చోటే లేదు. వీళ్ళెవరు, మనవాళ్ళేనా?"

"నాతో పనిచేసే పెద్దలు."

"అయితే గొర్రె కొయ్యాలి."

ఎందుకొచ్చారని అడగలేదు. వచ్చినవాళ్ళు తిని చెయ్యి కడుక్కునేదాకా ఆ మాట అడగడం ఆ ఇంట్లో లేదు. దుయిసెన్ అడగడు కాబట్టి చెప్పే వీలూ లేదు. ఆయన్ని ఒంటరిగా పట్టుకోవడానికి మిగిలింది వంటగది. పక్కింటి ఆడమనిషి పొయ్యి దగ్గర మాంసం నురగ తీస్తుంటే, కంషాత్ పిండి ముద్ద ముందేసుకుని వెడల్పుగా వత్తడం మొదలుపెట్టింది. కాసేపటికి ముసలాయన కత్తి కోసం లోపలికి వచ్చాడు.

కంషాత్ కర్ర పక్కన పెట్టింది. "అతా, వాళ్ళు గుట్ట సంగతి అడిగితే..."

"చేతులు కడుక్కోవడానికి నీళ్ళెక్కడ?" అంటూ హబీరోవ్ తల వంచుకుని గుమ్మంలోంచి లోపలికి వచ్చాడు. శుభ్రమైన కజక్‌లోనే అడిగాడు.

"కూజా అదుగో, బాబూ," అన్నాడు దుయిసెన్. కోడలి ముఖం ఒకసారి చూసి, కత్తి తీసుకుని వెళ్ళిపోయాడు. కంషాత్ మళ్ళీ కర్ర అందుకుంది. పిండి చిరిగిపోతోందని పక్కింటామె చెబితే తప్ప ఆమెకి తెలియలేదు.

పెద్ద పళ్ళెంలో పిండి రేకులు పరిచి, మాంసం పేర్చి, గొర్రె తలకాయ తెచ్చి, పెద్ద అతిథి కాబట్టి కర్నల్ ముందు పెట్టారు. ఇలాంటి విందులు అతనికి కొత్త కాదు. చెవి కోసి ఇవ్వాల్సినవాళ్ళకిచ్చి, చెంప ముక్క కోసుకుని, ఒంటె పాలు గుక్కెడు తాగి మీసం తుడుచుకున్నాడు. ముసలాయన కోడల్ని చూపించి ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడు?"

"నా చేతి పిండి ఏళ్ళు గడిచినా మందంగానే వస్తోందంటున్నారు," అంది కంషాత్.

"నేలనే సరిగ్గా అంచనా వేయనివాళ్ళు పిండినేం వేస్తారు?" కర్నల్ నవ్వాడు. నవ్వుతూనే కత్తి పళ్ళెం అంచున పెట్టాడు. "ఇక అడగండి. వరద మైదానంలోకి వస్తుందా?"

ఆమె అడిగింది. హబీరోవ్ నమలడం ఆపాడు.

"ఎందుకు రాదు? మంచు ఎక్కువ పడితే వస్తుంది. ఒకసారి మా ఒంటెలు పొట్టదాకా మునిగి నిలబడ్డాయి," అన్నాడు దుయిసెన్.

అలాగే చెప్పింది. చెప్పక చేసేదేముంది.

"ఇప్పుడు రెండోది. మీవాళ్ళని ఎక్కడ పూడుస్తారో అడగండి. అడిగి, ఇది కూడా చెప్పండి. అదుగో ఆ గుట్ట కింద ఉప్పు బురద ఉందని మీ కోడలు అంటోంది, నిజమేనా అని."

అంతవరకూ కంషాత్ ఎన్నో మాటలు అటూ ఇటూ మోసింది. తన అబద్ధాన్ని తనే ఎత్తి, దాని నిజానిజాలు తెలిసిన మనిషి చేతిలో పెట్టడం మాత్రం ఇదే మొదలు. ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పింది. చివర్న "నిజమేనా?" అన్నప్పుడు మామగారి కళ్ళలోకి చూడలేక పళ్ళెం వైపు చూసింది.

 ముసలాయన ఎముక ముక్క నుంచి మాంసం నిదానంగా కోసుకుంటున్నాడు. బయట కుక్క జీపు చక్రాన్ని వాసన చూస్తూ మొరుగుతోంది. కాసేపటికి ఆయన తల తిప్పి హబీరోవ్‌తో మాట్లాడాడు.

"బాబూ, నీకు మా భాష వచ్చు కదా. ఊరికే అడుగుతున్నా. మా దగ్గర కోడలు అబద్ధమాడితే పుట్టింటికి పొమ్మంటాం, నాలుగు రోజులు పోయాక మనమే పోయి తెచ్చుకుంటాం. మీ దగ్గర ఏం చేస్తారు?"

"మా దగ్గర దాన్ని అబద్ధం అనరు, పెద్దాయనా," అన్నాడు హబీరోవ్ మర్యాదగా. "దానికి వేరే పేరుంది. ఆ పేరు పడ్డవాళ్ళని తెచ్చుకోవడానికి ఎవరూ పోలేరు."

"ఏమిటి మీ ఇద్దరి గుసగుసలు?" అన్నాడు కర్నల్.

"కోడళ్ళ గురించి, కామ్రేడ్ కర్నల్."

దుయిసెన్ తల ఊపాడు. అలా పోయినవాళ్ళు ఆయన ఎరుకలో చాలామంది ఉన్నారు. ఒకప్పుడు ఈ ఇంట్లో ఇదే చాప మీద కూచుని మాంసం తిన్నవాళ్ళే. కత్తి తుడిచి పక్కన పెట్టి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, కర్నల్ వైపు తిరిగాడు.

"అబద్ధం చెప్పింది కోడలు కాదు. నేను," అన్నాడు.

కంషాత్ తలెత్తింది.

"చెప్పమ్మా వాళ్ళకి. మా ఆడవాళ్ళు ఆ గుట్ట ఎక్కరు. ఎక్కకూడదు. కొత్త కోడలు వస్తే ఏదో ఒకటి చెప్పి భయపెట్టి అటు పోకుండా చేస్తాం. ఒకరింట్లో దయ్యమంటారు, ఒకరింట్లో పామంటారు. నేను ఉప్పు బురదన్నాను, కాలు పెడితే నడుం దాకా దిగిపోతావన్నాను. ఈ పిచ్చిది అంత చదువూ చదివి ఇప్పటికీ మామ మాట పట్టుకుని కూచుంది. చెప్పు, ఊరుకుంటావేం?"

కంషాత్ చెప్పింది. తన మాటలు తనకే ఎవరో చెబుతున్నట్టు వినిపించాయి.

"మావాళ్ళు ఉన్నది దాని మీదే," అన్నాడు దుయిసెన్. "మా అమ్మానాన్నా, నా ఇల్లాలు, నా అన్నదమ్ములు. మనిషి లోతు తవ్వినా మట్టి పొడిపొడిగా రాలుతుంది, చెయ్యి తడవదు. ఏరు పొంగినా, మంచు కరిగినా అక్కడికి నీరెక్కదు. మీరు దాని మీద ఏం కడతారో నేను అడగను. మంచి నేల అడిగారు. నా ఇంట్లో తిన్నవాళ్ళకి నాసిది చూపించలేను."

బతికున్న ఒక్కదాని కోసం ఆయన పోయినవాళ్ళందర్నీ తీసి ఆ పళ్ళెం పక్కన పెట్టాడని ఆ గదిలో అర్థమైంది కంషాత్‌కి ఒక్కదానికే.  చివరి మాట దాకా రష్యన్‌లోకి తెచ్చింది.

కర్నల్ కాసేపు ఆమెనే చూశాడు. తర్వాత తొడ మీద చరుచుకుని నవ్వాడు. "బాగుంది. ఇన్‌స్టిట్యూట్‌లో ఇదేనా నేర్పింది మీకు? బోరు వెయ్యకుండా మామగారి దయ్యం కథని మ్యాపెక్కించారా?"

"తప్పయింది, కామ్రేడ్ కర్నల్."

"తప్పు కాదిది, బద్ధకం. గట్టిగా మందలింపు రాయిస్తా. జీతంలో కూడా కోత పెట్టిస్తా."

కంషాత్ తల వంచుకుంది. మందలింపు, కోత. అంతే. ఊపిరి పీల్చుకుంటున్నప్పుడు హబీరోవ్ కంటబడ్డాడు. అతను ఆమె చేతుల్ని చూస్తున్నాడు. ఆ చేతులు చాప అంచుని ఇంకా గట్టిగా పట్టుకునే ఉన్నాయి.

ఎండ ఉండగానే గుట్ట చూడాలన్నాడు కర్నల్. ముసలాయన చేతులెత్తి దీవెన చెప్పి, అందరికంటే ముందు లేచాడు. జీపు వెనక సీట్లో కొలత కర్రలు, ఇనప మేకులు, సుత్తి ఉన్నాయి. గుట్ట కింద బండి ఆగాక దుయిసెన్ కోడలికి అడ్డం వచ్చాడు.

"నువ్వుండు. ఆడవాళ్ళు రారు."

హబీరోవ్ ఆ మాట కర్నల్‌కి అందించాడు. "ఆమె నా మనిషి. నేల చూడాల్సింది ఆమే. ఇవాళ్టికి ఆచారానికి సెలవిమ్మనండి," అన్నాడు కర్నల్.

కంషాత్ గుట్టెక్కింది. ఇదే మొదటిసారి ఎక్కుతున్నట్టు ఎక్కాలి. ఎక్కడ వాలు ఎక్కువో తెలియనట్టు నడవాలి, పైన ఏముందో తెలియనట్టు చుట్టూ చూడాలి. పైన గాలి బలంగా ఉంది. మట్టి ఇటుకల సమాధులు రెండో మూడో, మిగతావి నిలబెట్టిన రాళ్ళు. వాటికి తూర్పున ఖాళీ నేల. ఎండిపోయిన గడ్డి తప్ప అక్కడేమీ కనపడదు.

కర్నల్ మడమతో నేల తన్ని చూశాడు. దూరంగా రైలు పట్టాల మెరుపు, దాని అవతల నది. "ఇన్నాళ్ళూ దీన్ని వదిలేసి ఆ బురదలో తిరిగాం," అన్నాడు. తర్వాత రాళ్ళ దగ్గరికి వచ్చేసరికి టోపీ తీశాడు. మనిషి చెడ్డవాడు కాదు. "ముసలాయనకి చెప్పండి. సమాధుల్ని ఊరికే తవ్వి పారెయ్యం. ఒక్కొక్కదాన్నీ జాగ్రత్తగా తీసి, ఆయన చూపించిన చోట పెట్టిస్తా. అది నా మాట. ఈ రాళ్ళున్నవి కాక ఇంకా ఎవరైనా ఉన్నారా అని అడగండి."

ఆ ప్రశ్న కంషాత్ నోట రాకూడనిది. వచ్చింది. ముసలాయన తూర్పు వైపు ఖాళీ నేల చూశాడు. ఆకలి ఏడు పోయినవాళ్ళు అక్కడ వరసలుగా ఉన్నారు, ఏ వరసలో ఎవరున్నారో ఆయనకే తెలియదు. ఉన్నారంటే ఇంతమంది ఒక్కసారి ఎలా పోయారని అడుగుతారు. మిలటరీ బట్టల ముందు ఆ ఏడు గురించి మాట్లాడినవాడు లేడు. పైగా మనవరాలు ఎక్కడుందో తెలిసింది ఒక్క కోడలికే. ఆయన ఇందాక చెప్పిన కథలో ఆమేమో ఎప్పుడూ ఈ గుట్ట ఎక్కని మనిషి.

"లేరు," అన్నాడు దుయిసెన్.

"లేరంటున్నారు," అంది కంషాత్.

"అయితే గొయ్యి నడిబొడ్డు ఆ ఖాళీలోనే పడుతుంది. నడవండి, కొలత వేద్దాం."

కొలత కర్ర భుజాన పెట్టుకుని ఆమె తూర్పుకి నడిచింది. కర్నల్ చెయ్యి చూపించిన దిక్కున తిన్నగా పోవాలి. తిన్నగానే పోయింది. ఒక చోట మాత్రం ఆమె కాళ్ళు ఆమెకి చెప్పకుండానే పక్కకి తిరిగి, రెండడుగులు చుట్టి, మళ్ళీ దారిలోకి వచ్చాయి.

"అక్కడేముంది?" వెనకనుంచి హబీరోవ్ గొంతు.

ఆమె ఆగింది. వెనక్కి తిరిగి చూస్తే అతను ఆ చుట్టు తిరిగిన గడ్డినే చూస్తున్నాడు. రాయి లేదు, గుంట లేదు, ముళ్ళపొద కూడా లేదు. ఏమీ లేనిదాని చుట్టూ ఎవరూ తిరగరు. ముసలాయన నిలబడ్డచోటే బిగుసుకుపోయాడు. మనవరాలు ఎక్కడుందో ఆయనకీ అర్థమైంది.

"ఏమీ లేదు. కర్ర బరువుకి అడుగు తడబడింది," అంది కంషాత్.

"తిన్నగా వస్తే కొలత సరిగ్గా ఉంటుంది కదా. మళ్ళీ నడవండి," అన్నాడు హబీరోవ్.

ఆమె వెనక్కి వెళ్ళింది. మళ్ళీ బయల్దేరింది. ఈసారి కాలు ఎత్తి, బిడ్డ తల ఉన్న వైపు పెట్టింది. రెండో కాలు కూడా తీసి పెట్టింది. అక్కడే నిలబడింది, ఇంకో అడుగు పడక.

"అక్కడే ఆగండి. నడిబొడ్డు సరిగ్గా అదే. మేకు కొట్టండి," అని కేకేశాడు కర్నల్.

ఆమె మేకు తీసి నేల మీద నిలబెట్టింది. సుత్తి కోసం చెయ్యి చాపితే, దాన్ని ముసలాయన అందుకున్నాడు. ఎప్పుడు వచ్చాడో, రొప్పుతున్నాడు.

"నువ్వు తప్పుకో, కెలిన్. ఇది మగవాళ్ళు చెయ్యాల్సిన పని. ఆ రోజు నేను లేవలేకపోయాను," అన్నాడు, ఆమెకి మాత్రమే వినపడేంత చిన్నగా.

సుత్తి దెబ్బకి మేకు దిగింది. ఇంకో దెబ్బకే సగం పైగా దిగిపోయింది. ఒకప్పుడు తవ్వి పూడ్చిన మట్టి ఎన్నేళ్ళయినా మళ్ళీ అంత గట్టిపడదు. అది ఆమె చదివిన చదువే.

కర్నల్ దగ్గరికి వచ్చి మేకుని బూటుతో కదిపి చూసి, నొసలు ముడిచాడు. "మెత్తగా ఉందేం ఇక్కడ?"

ముసలాయన సుత్తి దించాడు. హబీరోవ్ కంషాత్ వైపు చూశాడు.

"పైమట్టి ఒక్కటే మెత్తన, కామ్రేడ్ కర్నల్," అంది కంషాత్. "కింద నేల గట్టిది. మీరు వెతుకుతున్న చోటు ఇదే."